ఇంటర్నల్ ఆడిట్ డిపార్ట్‌మెంట్‌కి ఎక్స్‌టర్నల్ క్వాలిటీ అసెస్‌మెంట్: తేదీ లెక్క నుంచి యాక్షన్ ప్లాన్ దాకా

ఎక్స్‌టర్నల్ క్వాలిటీ అసెస్‌మెంట్ (ఈక్యూఏ), అంటే ఇంటర్నల్ ఆడిట్ పని స్టాండర్డ్స్ ప్రకారం ఉందో లేదో బయటివాళ్ళు వచ్చి చూడటానికి, ఇంకా ఏడాదో ఏడాదిన్నరో టైమ్ ఉన్న డిపార్ట్‌మెంట్ల కోసం ఇది రాస్తున్నాను. అసెసర్లు వచ్చే మూడు నెలల ముందు మొదలుపెడితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే ఉంటుంది. మేం బాగా పని చేస్తాం అని మీరు నోటితో చెప్తే వాళ్ళకి సరిపోదు, పని జరిగిన రోజున రాసి పెట్టిన కాగితం కావాలి. ఆడిట్ ప్లాన్‌లో ఈ ఏరియా ఎందుకు పెట్టారు, వర్క్ ప్రోగ్రామ్ (ఆ ఆడిట్‌లో ఏమేం చెక్ చెయ్యాలో రాసుకున్నది) ఎవరు ఎప్పుడు ఓకే చేశారు, ఈ ఫైండింగ్‌కి (ఆడిట్‌లో బయటపడిన లోపానికి) హై అని రేటింగ్ ఎందుకు ఇచ్చారు, ఇవన్నీ అప్పటికప్పుడు రాస్తేనే సాక్ష్యం. తర్వాత కూర్చుని పాత తేదీలు వేసి నింపితే అది డాక్యుమెంటేషన్ గ్యాప్ కాస్తా నిజాయితీ సమస్య అయిపోతుంది, స్టాండర్డ్స్‌లో మొట్టమొదటి ప్రిన్సిపలే నిజాయితీ గురించి కదా.

ముందు రూల్ ఏంటో చూసుకుందాం

ఐఐఏ, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నల్ ఆడిటర్స్, 2024 జనవరి 9న గ్లోబల్ ఇంటర్నల్ ఆడిట్ స్టాండర్డ్స్ రిలీజ్ చేసింది, సరిగ్గా ఏడాది తర్వాత 2025 జనవరి 9 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. 5 డొమైన్లు, 15 ప్రిన్సిపల్స్, 52 స్టాండర్డ్స్. పాత 2017 స్టాండర్డ్స్‌లో 1300 సిరీస్ అని పిలుచుకున్న క్వాలిటీ భాగం ఇప్పుడు ముఖ్యంగా 8.3, 8.4, 12.1 కింద ఉంది. 8.3 క్వాలిటీ ప్రోగ్రామ్ మొత్తం గురించి, 12.1 మీరు లోపల చేసుకునే అసెస్‌మెంట్ గురించి, 8.4 బయటివాళ్ళు చేసే అసెస్‌మెంట్ గురించి.

8.4 చెప్పేది సూటిగా ఇదీ: కనీసం ఐదేళ్ళకి ఒకసారి, అర్హత ఉన్న, మీతో సంబంధం లేని అసెసర్ లేదా టీమ్ వచ్చి అసెస్‌మెంట్ చెయ్యాలి, ఆ టీమ్‌లో కనీసం ఒకరికి సీఐఏ (సర్టిఫైడ్ ఇంటర్నల్ ఆడిటర్) సర్టిఫికేషన్ యాక్టివ్‌గా ఉండాలి. ఎప్పుడో పాసై రెన్యూ చెయ్యకుండా వదిలేసిన సర్టిఫికేషన్ లెక్కలోకి రాదు, కాబట్టి ప్రపోజల్‌లో పేరు చూసి వదిలేయకుండా స్టేటస్ ప్రూఫ్ అడగండి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఐదేళ్ళు అనేది గరిష్ఠం మాత్రమే. సీఏఈ (చీఫ్ ఆడిట్ ఎగ్జిక్యూటివ్, అంటే ఇంటర్నల్ ఆడిట్ హెడ్) మారినా, కంపెనీ ఇంకో కంపెనీలో కలిసినా, డిపార్ట్‌మెంట్ సైజు బాగా పెరిగినా తగ్గినా ఐదేళ్ళు ఆగక్కర్లేదు, ముందే చేయించుకోవడం మంచిది. రెగ్యులేటర్ రూల్ ఇంకా తక్కువ గడువు పెడితే అదే పాటించాలి.

మొదటి స్టెప్: తేదీ లెక్క, రూట్ ఎంపిక

పోయినసారి ఈక్యూఏ రిపోర్ట్ బయటికి తీసి తేదీ చూడండి. ఆ తేదీ నుంచి ఐదేళ్ళలోపు కొత్తది పూర్తవ్వాలి, మొదలైతే చాలు అనుకోవద్దు. గడువు దాటిపోతే ఏమవుతుందంటే, మీ ఆడిట్ రిపోర్ట్‌లలో ఈ పని స్టాండర్డ్స్ ప్రకారం చేశాం అని రాసుకునే వాక్యం ఇక రాయడానికి లేదు, ఆ విషయం బోర్డ్‌కీ సీనియర్ మేనేజ్‌మెంట్‌కీ చెప్పాలి కూడా.

రూట్లు రెండు. ఒకటి పూర్తి స్థాయి ఈక్యూఏ, బయటి టీమ్ మొత్తం పని తనే చేస్తుంది. రెండోది మీరే సెల్ఫ్ అసెస్‌మెంట్ చేసి, దాన్ని బయటి అసెసర్‌తో వాలిడేట్ చేయించుకోవడం. రెండోదానికి ఖర్చు తక్కువ అవుతుంది, చిన్న టీమ్‌లకి బాగుంటుంది, పైగా సెల్ఫ్ అసెస్‌మెంట్ చేసేటప్పుడు మీవాళ్ళు స్టాండర్డ్స్ లైన్ లైన్‌గా చదువుతారు కాబట్టి అదే పెద్ద ట్రైనింగ్. కానీ వాలిడేషన్‌లో అసెసర్ ఫోకస్ ఎక్కువగా కాన్ఫార్మెన్స్ (స్టాండర్డ్స్ పాటిస్తున్నారా లేదా) మీదే ఉంటుంది, ఇతర డిపార్ట్‌మెంట్లతో పోలిక, బోర్డ్ స్థాయిలో లోతైన ఇంటర్వ్యూలు, ఇంకా ఎలా మెరుగుపడొచ్చు అనే చర్చ అంత రాదు. నా అభిప్రాయంలో మొదటిసారి చేయించుకునేవాళ్ళు పూర్తి ఈక్యూఏకే వెళ్ళాలి, తర్వాతి సైకిల్‌లో కావాలంటే వాలిడేషన్ రూట్ తీసుకోవచ్చు, వరుసగా రెండుసార్లు మాత్రం వాలిడేషన్‌తో సరిపెట్టొద్దు. ఏ రూట్ అయినా ఎందుకు ఎంచుకున్నారో కారణం రాసి బోర్డ్ ముందు పెట్టాలి.

రెండో స్టెప్: బోర్డ్‌ని మొదట్నుంచీ లోపలికి తీసుకురావడం

ఈక్యూఏ అనేది సీఏఈ సొంత ప్రాజెక్ట్ అన్నట్టు నడిపితే కొత్త స్టాండర్డ్స్ ప్రకారం అక్కడే ఒక గ్యాప్ పడుతుంది. మూడో డొమైన్‌లో బోర్డ్‌కీ సీనియర్ మేనేజ్‌మెంట్‌కీ చెయ్యాల్సిన పనులు ఎసెన్షియల్ కండిషన్స్ అని విడిగా రాశారు. 8.4 కింద బోర్డ్ చెయ్యాల్సినవి: స్కోప్, ఎన్నాళ్ళకోసారి అనేది మాట్లాడాలి, అసెసర్ల అర్హత, స్వతంత్రత చూసి ప్లాన్ అప్రూవ్ చెయ్యాలి, రిజల్ట్స్ అసెసర్ దగ్గర్నుంచి నేరుగా, పూర్తిగా తెప్పించుకోవాలి, తర్వాత యాక్షన్ ప్లాన్ అప్రూవ్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో ఫాలో అప్ చెయ్యాలి.

ఆ నేరుగా అన్న మాట గట్టిగా పట్టుకోండి. రిపోర్ట్ ముందు సీఏఈకి వచ్చి, సీఏఈ నాలుగు స్లైడ్లుగా కుదించి ఆడిట్ కమిటీకి (బోర్డ్ తరఫున ఆడిట్ విషయాలు చూసే కమిటీకి) చూపించే పద్ధతి ఇక పనికిరాదు. అసెసర్‌తో రాసుకునే ఒప్పందంలోనే పూర్తి రిపోర్ట్ ఆడిట్ కమిటీకి వెళ్తుంది, టీమ్ లీడర్ కమిటీ ముందు ప్రెజెంట్ చేస్తారు అని రాయించండి.

మరి బోర్డ్ ఏదో ఒక కండిషన్‌కి ఒప్పుకోకపోతే? మీరు చెయ్యాల్సింది, అది లేకపోతే ఇంటర్నల్ ఆడిట్ పనికి ఏ ఇబ్బంది వస్తుందో ఉదాహరణలతో వివరించి, ఆ చర్చని మినిట్స్‌లో ఎక్కించడం. అసెసర్ వచ్చినప్పుడు ఆ మినిట్స్ ఉంటే ఒక కథ, లేకపోతే ఇంకో కథ.

మూడో స్టెప్: అసెసర్‌ని పట్టుకోవడం

స్వతంత్రత అంటే వాస్తవంగానూ, చూసేవాళ్ళకీ రెండు విధాలా మీతో ముడి లేకపోవడం. మీ కంపెనీలోనే వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళు, పేరెంట్ కంపెనీ వాళ్ళు, గ్రూప్‌లో ఇంకో కంపెనీ ఆడిట్ టీమ్, ఎవరూ కుదరరు. మీరు మాది చూడండి మేం మీది చూస్తాం అని రెండు సంస్థలు ఒప్పందం చేసుకోవడం కూడా కుదరదు, మూడు లేదా అంతకంటే ఎక్కువ సంస్థలు కలిసి, ఏ రెండూ ఒకదాన్నొకటి చూసుకోకుండా రౌండ్‌లాగా ఏర్పాటు చేసుకుంటే ఒప్పుకుంటారు. మీకు కో-సోర్సింగ్‌లో, అంటే మీ టీమ్‌తో కలిసి, ఆడిట్లు చేసిపెట్టే ఫర్మ్ అయితే వాళ్ళ పనిని వాళ్ళే అసెస్ చేసుకున్నట్టు అవుతుంది, వద్దు. మొన్నటిదాకా మీ దగ్గర పనిచేసి వెళ్ళినవాళ్ళ విషయంలో కూడా ఆలోచించుకోవాలి.

అర్హత విషయానికొస్తే సీఐఏ ఒక్కటే చూడకండి. టీమ్‌లో ఎవరైనా ఒకప్పుడు సీఏఈగానో ఆ స్థాయిలోనో పని చేశారా, మీ ఇండస్ట్రీ తెలుసా, ఇంతకుముందు ఈక్యూఏలు చేశారా, ఈక్యూఏ చెయ్యడం మీద ట్రైనింగ్ ఉందా అడగండి. మీ డిపార్ట్‌మెంట్‌లో సగం పని ఐటీ ఆడిట్ అయితే అసెస్‌మెంట్ టీమ్‌లో ఐటీ తెలిసిన మనిషి లేకపోవడం పెద్ద లోటు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, రేటింగ్ స్కేల్ ఏంటని. పాత పద్ధతిలో జనరల్లీ కన్ఫార్మ్స్, పార్షియల్లీ కన్ఫార్మ్స్, డజ్ నాట్ కన్ఫార్మ్ అని మూడు ఉండేవి, ఇప్పుడు ఏ మాన్యువల్ ప్రకారం, ఎన్ని మెట్ల స్కేల్ వాడతారో, స్టాండర్డ్‌కి రేటింగ్ ఇస్తారా ప్రిన్సిపల్‌కి కూడా ఇస్తారా అనేది ఎంగేజ్‌మెంట్ లెటర్‌లోనే రాయించుకోండి.

నాలుగో స్టెప్: మీకు మీరే అసెస్‌మెంట్ చేసుకోవడం

అసలు పని ఇక్కడే ఉంది. 52 స్టాండర్డ్స్‌కీ ఒక షీట్ తయారుచెయ్యండి, ఒక్కోదాని ఎదురుగా రిక్వైర్‌మెంట్ ఏంటి, మన దగ్గర ఏ డాక్యుమెంట్ దాన్ని చూపిస్తుంది, అది ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎవరు బాధ్యులు, గ్యాప్ ఉందా. షీట్ నింపే మనిషి ఆ పని చేసే మనిషి కాకుండా చూసుకోండి, లేకపోతే అన్నీ పచ్చరంగులోనే వస్తాయి.

ఎక్కువగా గ్యాప్‌లు దొరికేవి కొన్ని చెప్తాను, ముందు వీటి దగ్గరికే వెళ్ళండి.

చార్టర్ (ఇంటర్నల్ ఆడిట్ అధికారం, పాత్ర రాసి ఉండే డాక్యుమెంట్) ఇంకా 2017 స్టాండర్డ్స్ భాషలోనే ఉండటం. కొత్త స్టాండర్డ్స్‌లో మాండేట్ అనే మాట బలంగా వచ్చింది, అంటే ఇంటర్నల్ ఆడిట్‌కి ఏ అధికారం, ఏ పాత్ర, ఏ బాధ్యతలు ఇచ్చారో బోర్డ్‌తోనూ సీనియర్ మేనేజ్‌మెంట్‌తోనూ చర్చించి చార్టర్‌లో రాయాలి, బోర్డ్ అప్రూవ్ చెయ్యాలి. పేరు మార్చి తేదీ మార్చి పెట్టేస్తే కుదరదు, చర్చ జరిగిన రికార్డ్ కావాలి.

ఇంటర్నల్ ఆడిట్ స్ట్రాటజీ లేకపోవడం. ఇది 9.2. వార్షిక ప్లానే మా స్ట్రాటజీ అంటే ఒప్పుకోరు. విజన్, కొన్నేళ్ళ లక్ష్యాలు, వాటికోసం ఏం చేస్తున్నారు, ఇవి ఉండాలి. రెండు మూడు పేజీలైనా చాలు కానీ మీ సంస్థ ఎటు వెళ్తోందో దానికి లింక్ కనపడాలి.

వార్షిక ప్లాన్‌లో లేనివాటికి కారణం రాయకపోవడం. రిస్క్ ఎక్కువ ఉన్న ఏరియాని ప్లాన్‌లో పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో 9.4 ప్రకారం చెప్పాలి. చాలా ప్లాన్లు ఏం చేస్తామో అందంగా చూపిస్తాయి, ఏం వదిలేశామో చూపించవు, బోర్డ్‌కి మాత్రం ఆ రెండోదే ఎక్కువ అవసరం, రిసోర్సులు సరిపోతున్నాయో లేదో తెలిసేది దానివల్లే.

ఆబ్జెక్టివిటీ (పక్షపాతం లేకుండా చూడటం) విషయంలో 12 నెలల రూల్. ఫైనాన్స్ నుంచి ఆడిట్‌కి మారిన మనిషిని, గత 12 నెలల్లో తను బాధ్యత వహించిన పని మీదకే అష్యూరెన్స్ ఆడిట్‌కి (సలహా పని కాకుండా, పరిశీలించి ఎలా ఉందో అభిప్రాయం చెప్పే ఆడిట్‌కి) పంపిస్తే ఆబ్జెక్టివిటీ దెబ్బతిన్నట్టే లెక్క. సీఏఈకే రిస్క్ మేనేజ్‌మెంటో కాంప్లయన్సో అదనంగా అప్పగించి ఉంటే, ఆ ఏరియా ఆడిట్‌ని ఎవరు పర్యవేక్షిస్తున్నారు, సేఫ్‌గార్డ్స్ ఏంటి అనేది తప్పకుండా అడుగుతారు.

క్వాలిటీ ప్రోగ్రామ్ పేరుకి ఉండి నడవకపోవడం. లోపలి అసెస్‌మెంట్ రిజల్ట్స్ ఏడాదికి ఒకసారైనా బోర్డ్‌కీ సీనియర్ మేనేజ్‌మెంట్‌కీ చెప్పాలి. ఐదేళ్ళలో ఎన్నిసార్లు చెప్పారో మినిట్స్ తీసి మీరే లెక్కపెట్టుకోండి.

ఇంకొకటి కొత్తది, టాపికల్ రిక్వైర్‌మెంట్స్, అంటే ఒక్కో టాపిక్ ఆడిట్ చేసేటప్పుడు తప్పనిసరిగా చూడాల్సినవాటి మీద ఐఐఏ పెట్టిన రూల్స్. సైబర్ సెక్యూరిటీ మీద మొదటిది 2025 ఫిబ్రవరిలో వచ్చింది, 2026 ఫిబ్రవరి 5 నుంచి అమలు. ఆ తేదీ తర్వాత సైబర్ సెక్యూరిటీ మీద అష్యూరెన్స్ పని చేస్తే అందులో ఉన్న అంశాలు కవర్ చేశారా, ఏవైనా వర్తించవనుకుంటే కారణం రాశారా అనేది క్వాలిటీ అసెస్‌మెంట్‌లో భాగమే.

ఒకరిద్దరే ఉన్న టీమ్ అయితే ఇవన్నీ చూసి బెదిరిపోనక్కర్లేదు, చిన్న టీమ్‌ల ఇబ్బంది స్టాండర్డ్స్ కూడా గుర్తించాయి, రిక్వైర్‌మెంట్ ఉద్దేశం వేరే దారిలో ఎలా నెరవేర్చారో రాసి పెట్టుకుంటే చాలావరకు నిలబడతారు.

ఐదో స్టెప్: ఒక పాత ఫైల్ తీసి తలకిందులుగా చదవండి

షీట్ మీద ఎంత రాసుకున్నా, ఒక క్లోజ్ అయిన ఎంగేజ్‌మెంట్ (ఒక్కో ఆడిట్ పని) ఫైల్ తీసి చదివితే తెలిసినంత ఇంకెక్కడా తెలియదు. మీకు గర్వంగా అనిపించే ఫైల్ వద్దు, మామూలుది తీసుకోండి. ఫైనల్ రిపోర్ట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి.

ఉదాహరణకి రిపోర్ట్‌లో ఒక ఫైండింగ్ ఉంది, ఉద్యోగం మానేసినవాళ్ళ సిస్టమ్ యాక్సెస్ టైమ్‌కి తీసెయ్యట్లేదు, రేటింగ్ హై. ఇప్పుడు అడగండి. హై అని ఏ కొలత ప్రకారం పెట్టారు, ఆ కొలత మెథడాలజీలో ఉందా? టైమ్‌కి అంటే ఎంత టైమ్, ఆ క్రైటీరియా పాలసీ నుంచి వచ్చిందా ఆడిటర్ సొంతగా అనుకున్నదా? ఎంతమందిని శాంపిల్ తీశారు, మొత్తం లిస్ట్ ఎక్కడ్నుంచి వచ్చింది, ఆ లిస్ట్ పూర్తిగా ఉందని ఎవరు చూశారు? మూలకారణం రాశారా, లేక జరిగిందే వేరే మాటల్లో మళ్ళీ రాశారా? యాక్సెస్ పోకపోవడానికి కారణం హెచ్‌ఆర్ నుంచి ఐటీకి సమాచారం వెళ్ళే దారే లేకపోవడం అయితే, ఐటీవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి అనే రికమెండేషన్ ఆ కారణాన్ని ముట్టుకోదు. యాక్షన్ ప్లాన్‌లో మనిషి పేరు, తేదీ ఉన్నాయా? ఆ తేదీ దాటాక నిజంగా అయ్యిందని ఎవరు, దేన్ని చూసి కన్ఫర్మ్ చేశారు, మెయిల్‌లో అయిపోయింది అని చెప్తే క్లోజ్ చేసేశారా?

14.6 అడిగేది కూడా ఇదే, విషయం తెలిసిన ఇంకో ఆడిటర్ ఈ పేపర్లు చూసి అదే పని మళ్ళీ చేసి అదే రిజల్ట్‌కి రాగలగాలి. మీ టీమ్‌లో ఆ ఆడిట్‌తో సంబంధం లేని మనిషికి ఫైల్ ఇచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా ఆ ఫైండింగ్ మళ్ళీ రాబట్టమనండి. ఎక్కడ ఆగిపోయి పక్క సీటు వైపు చూస్తారో అదే మీ గ్యాప్.

తర్వాత తేదీలు చూడండి, కేవలం తేదీలు. ఒక కాగితం మీద వరుసగా రాయండి: ఎంగేజ్‌మెంట్ రిస్క్ అసెస్‌మెంట్ ఎప్పుడు, వర్క్ ప్రోగ్రామ్ అప్రూవల్ ఎప్పుడు, ఫీల్డ్‌వర్క్ మొదలు ఎప్పుడు, వర్కింగ్ పేపర్లు రివ్యూ అయ్యింది ఎప్పుడు, రిపోర్ట్ ఇష్యూ ఎప్పుడు. వర్క్ ప్రోగ్రామ్‌ని అమలుకి ముందే అప్రూవ్ చెయ్యాలని 13.6 చెప్తుంది, మీ ఫైల్‌లో ఫీల్డ్‌వర్క్ మొదలైన రెండు వారాలకి అప్రూవల్ ఉంటే అది అప్రూవల్ కింద రాదు. ముప్పై వర్కింగ్ పేపర్లకీ రివ్యూ సంతకం ఒకే రోజు, అదీ రిపోర్ట్ వెళ్ళిపోయిన మర్నాడు పడితే, సూపర్‌విజన్ జరగలేదని చెప్పడానికి అసెసర్‌కి ఇంకేమీ అక్కర్లేదు. చాలా ఆడిట్ సాఫ్ట్‌వేర్లు టైమ్ స్టాంప్ పెడతాయి కాబట్టి ఇది దాచేది కూడా కాదు. ఇలాంటిది కనపడితే పాతవి అలాగే వదిలెయ్యండి, ముట్టుకోవద్దు. ఈరోజు నుంచి మొదలయ్యే ఎంగేజ్‌మెంట్లలో పద్ధతి మార్చండి, గ్యాప్ ఎప్పుడు గమనించాం, ఏం మార్చాం అని మీ క్వాలిటీ ప్రోగ్రామ్‌లో రికార్డ్ చెయ్యండి. మీ అంతట మీరు పట్టుకుని సరిచేసిన గ్యాప్‌ని ఏ అసెసర్ అయినా వేరుగా చూస్తారు, మీ క్వాలిటీ ప్రోగ్రామ్ పనిచేస్తోందనడానికి అదే రుజువు. ఏడాది ముందు మొదలుపెట్టమన్నది ఇందుకే, కొత్త పద్ధతిలో చేసిన ఫైళ్ళు కొన్నైనా తయారవ్వాలి కదా.

ఆరో స్టెప్: అసెస్‌మెంట్ నడిచే రోజులు

డాక్యుమెంట్ లిస్ట్ ముందే వస్తుంది: చార్టర్, ఆడిట్ కమిటీ మినిట్స్, మాన్యువల్, రిస్క్ అసెస్‌మెంట్, ప్లాన్లు, టీమ్ ట్రైనింగ్ రికార్డులు, లోపలి క్వాలిటీ రివ్యూలు, పెర్ఫార్మెన్స్ మెట్రిక్స్. ఒకే ఫోల్డర్‌లో స్టాండర్డ్ నంబర్ ప్రకారం పెట్టి, ఒక మనిషిని కాంటాక్ట్‌గా ఇవ్వండి. శాంపిల్ ఎంగేజ్‌మెంట్లు అసెసరే ఎంచుకోవాలి, ఇవి చూడండి అని మీరు తీసి ఇవ్వకూడదు.

సర్వేలు, ఇంటర్వ్యూలు ఆడిట్ అయిన డిపార్ట్‌మెంట్లతో, సీనియర్ మేనేజ్‌మెంట్‌తో, ఆడిట్ కమిటీ చైర్‌తో, మీ స్టాఫ్‌తో జరుగుతాయి. కమిటీ చైర్‌ని అడిగేవి ఇలా ఉంటాయి: మేనేజ్‌మెంట్ లేకుండా సీఏఈతో విడిగా మాట్లాడతారా, సీఏఈ నియామకం, తొలగింపు విషయంలో మీ మాట ఉంటుందా, ఆడిట్ బడ్జెట్ సరిపోతుందో లేదో మీకెలా తెలుస్తుంది? చైర్‌కి విషయం ముందుగా వివరించడం తప్పులేదు, సమాధానాలు రాసి ఇవ్వడం మాత్రం పూర్తిగా తప్పు. స్టాఫ్‌కి కూడా అంతే, ఏది అడిగితే అది ఉన్నదున్నట్టు చెప్పమనండి, తెలియకపోతే తెలియదనమనండి. జూనియర్లు భయపడి అన్నీ బాగున్నాయి అంటే, ఫైల్ ఇంకోటి చెప్తే, డాక్యుమెంట్ గ్యాప్‌తో పోయేది టీమ్ కల్చర్ మీదకి వెళ్తుంది.

రోజూ సాయంత్రం టీమ్ లీడర్‌తో ఓ అరగంట కూర్చోండి. ఆ రోజు వాళ్ళకి దొరకనిది మీ దగ్గర ఉంటే అప్పుడే ఇవ్వొచ్చు, డ్రాఫ్ట్‌లో ఎక్కాక వాదించుకోవడం కంటే ఇది నయం.

ఏడో స్టెప్: రిపోర్ట్ వచ్చాక

డ్రాఫ్ట్ చదివేటప్పుడు రెండు రంగులు వాడండి. వాస్తవం తప్పుగా ఉన్నచోట ఒకటి, మీకు నచ్చనిచోట ఒకటి. మొదటిదానికి సాక్ష్యంతో రిప్లై ఇవ్వండి. రెండోదాని గురించి మాట్లాడొచ్చు కానీ మాటలు మెత్తబరచమని అడగడం వద్దు, మన రిపోర్ట్‌ల మీద ఆడిటీలు అదే అడిగితే మనం ఏమంటామో తెలుసు కదా.

రిపోర్ట్‌లో కాన్ఫార్మెన్స్ గ్యాప్‌లు ఒకవైపు, మెరుగుపరుచుకోడానికి సూచనలు ఇంకోవైపు ఉంటాయి, ఈ రెంటినీ కలిపెయ్యకండి. గ్యాప్‌కి తప్పనిసరిగా యాక్షన్ ప్లాన్ కావాలి, సూచనని ఆలోచించి వద్దనుకున్నా పర్వాలేదు, కారణం రాస్తే సరిపోతుంది. యాక్షన్ ప్లాన్‌లో మాన్యువల్ అప్‌డేట్ చేస్తాం అనే లైన్ ఒక్కటే పెట్టి వదిలేస్తే మళ్ళీ ఐదేళ్ళకి అదే గ్యాప్ వస్తుంది, మాన్యువల్ మార్చాక ఎన్ని ఎంగేజ్‌మెంట్లలో ఆ మార్పు కనపడిందో చెక్ చేసి అప్పుడు క్లోజ్ చెయ్యండి. ఆ ప్లాన్‌నీ, దాని టైమ్‌లైన్‌నీ బోర్డ్ అప్రూవ్ చెయ్యాలి, మిగతా ఆడిట్ ఫైండింగ్స్ స్టేటస్ ఎలా చూపిస్తారో అదే టేబుల్‌లో ప్రతి మీటింగ్‌లోనూ వీటి స్టేటస్ కూడా చూపించండి, ఇంటర్నల్ ఆడిట్ ఓవర్‌డ్యూ అయితే అదీ ఎర్రగానే కనపడాలి.

కాన్ఫార్మెన్స్ వాక్యం రిపోర్ట్‌లలో వాడాలంటే ఈక్యూఏతో పాటు మీ లోపలి అసెస్‌మెంట్ కూడా దాన్ని సపోర్ట్ చెయ్యాలి. ఏదైనా ఒక ఎంగేజ్‌మెంట్‌లో స్టాండర్డ్ పాటించలేకపోతే ఆ రిపోర్ట్‌లోనే ఏది, ఎందుకు, దానివల్ల ప్రభావం ఏంటి అని రాయాలి. చివరిగా కొత్త రిపోర్ట్ తేదీని క్వాలిటీ ప్రోగ్రామ్‌లో రాసి, ఐదేళ్ళ గడువుకి ఏడాదిన్నర ముందు ఆడిట్ కమిటీ అజెండాలోకి తర్వాతి ఈక్యూఏ ప్లానింగ్ వచ్చేలా ఇప్పుడే పెట్టించెయ్యండి, అప్పటికి సీఏఈ కుర్చీలో వేరేవాళ్ళు ఉండొచ్చు.